పంట పోయిన ఏటి టోర్నమెంటు

మడకశిర వెళ్ళొచ్చానని చెబితే మా తెనాలిలో అందరూ ఒకటే అడిగారు: "అక్కడ చూడ్డానికి ఏముంది?" ఏమీ లేదన్నాను. ఏమీ చూడకుండా ఊళ్ళు తిరగడంలో నాకు పన్నెండేళ్ళ అనుభవం ఉంది. ఏ ఊరు వెళ్ళినా నాకు కనిపించేది ఒక ఇండోర్ స్టేడియం, దాని వెనక వీధిలో ఒక లాడ్జి, రెండింటికీ మధ్య ఒక టిఫిన్ బండి. ఆగ్రా వెళ్ళి తాజ్‌మహల్ చూడకుండా తిరిగొచ్చినవాళ్ళ సంఘం ఎవరైనా పెడితే అధ్యక్ష పదవికి నాకు పోటీ ఉండదు.

నేను బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడి బతుకుతాను. ఈ మాట విన్న మా పెద్దమ్మ, "ఇద్దరు ఆడతారంటే నీకు సగం పనేగదే, మరి ఆ చెమటలేంటి?" అంది. పేపరువాళ్ళ అభిప్రాయమూ ఇంచుమించు అదే. సింగిల్స్ గెలిచిన పిల్లకు ఫొటో వేస్తారు. మా సంగతి చివరి వాక్యంలో, స్థలం మిగిలితే, "డబుల్స్‌లోనూ పోటీలు జరిగాయి" అని రాస్తారు.

సగం పని చేసే నాకు మిగతా సగం గంగరత్న. తొమ్మిదేళ్ళుగా మేమిద్దరం జోడీ. ఆమె నా కంటే తలా మెడా పొడుగు. కోర్టు వెనక నిలబడి పైనించి బాదడం ఆమె వంతు, ముందు నెట్ దగ్గర గిల్లుతూ ఉండడం నా వంతు. మొగుడూ పెళ్ళాం విడిపోతే కనీసం బిందెలూ చెంబులూ పంచుకుంటారు. డబుల్స్ జోడీ విడిపోతే పంచుకోవడానికి చెంబు కూడా ఉండదు. ఎందుకంటే ర్యాంకు మనిషిది కాదు, జోడీది. ఒకరు తప్పుకున్నారంటే రెండోవాళ్ళు అప్పుడే పుట్టినట్టు లెక్క. మళ్ళీ క్వాలిఫయింగ్ రౌండ్లలో, పదహారేళ్ళ పిల్లలతో మొదలుపెట్టాలి. నాకు ముప్పై రెండేళ్ళు.

అటువంటి గంగరత్న ఐదు నెలల కిందట, "భుజం రవ్వంత పట్టినట్టుండాది, నెల్రోజులు ఇంటికాడ ఉండి వస్తా" అని చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత ఫోనెత్తలేదు. మెసేజ్ పెడితే చూసినట్టు నీలం గీతలు పడేవి, జవాబు మాత్రం వచ్చేది కాదు. కొత్త సీజను నెల్లాళ్ళలో ఉంది. "చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను" అని మా కోచ్‌కి చెప్పి రైలెక్కాను.

ఎక్కగానే తెలిసింది, నా బ్యాగు పై బెర్తు మీదికి నాకు అందదని. తొమ్మిదేళ్ళుగా ఆ పని గంగరత్నే చేసేది. ఎదుటి సీటాయన లేచి సాయం చేశాడు. దానికి బదులుగా వాళ్ళబ్బాయి కాలేజీలో ఎంత బాగా షటిల్ ఆడేవాడో నంద్యాల దాకా విన్నాను.

గుంతకల్లు: ఉగ్గాణి, మౌనవ్రతం

గుంతకల్లులో సగం ఊరు రైల్వేలో పనిచేస్తుంది. మిగతా సగం రైల్వేలో పనిచేసేవాళ్ళకు టిఫిన్ పెడుతుంది. ఆ టిఫిన్ పేరు ఉగ్గాణి. బొరుగుల్ని, అంటే మరమరాల్ని, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయలూ పుట్నాల పొడీ వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు బొరుగులంటే పిల్లలు ఏడిస్తే పెట్టేవి. ఇక్కడ పెద్దవాళ్ళు డ్యూటీకి పోయేముందు తింటారు. ముప్పై రూపాయలకు పొట్ట నిండింది. బజ్జీ కొరికాక కళ్ళు కూడా నిండాయి. "నీళ్ళు" అంటే కొట్టాయన, "ముందు బజ్జీ అయిపోనీమ్మా, నీళ్ళు తాగితే మంట ఇంకా ఎక్కువైతాది" అని సలహా మాత్రం ఇచ్చాడు.

నేను గుంతకల్లులో దిగింది వలీ సాబ్ కోసం. ఆయన రిటైరైన గూడ్స్ గార్డు. గంగరత్న చిన్నప్పుడు మేనమామ ఇంట్లో ఉండి ఇక్కడే చదువుకుంది. ఆమె చేతికి మొదటి రాకెట్ ఇచ్చింది ఈయనే. రైల్వే కాలనీ కోర్టులో దొరికాడు. మెహందీ పెట్టిన గడ్డం, మోకాళ్ళకు రెండు పట్టీలు. గంగరత్న జోడీనని చెప్పగానే నన్ను ఆడమన్నాడు. ఆడించకుండా ఎవరికీ టీ కూడా ఇవ్వడట.

నా బ్యాగులోంచి షటిల్ డబ్బా తీశాను. ఇంటి నుంచి ఆరు డబ్బాలు మోసుకొచ్చాను, ఇక్కడ మంచివి దొరకవేమోనని. ఒక్కటి సర్వీసు చేస్తే గీత దాటి, గోడ తాకి, కుర్చీలో కూర్చున్నాయన ఒళ్ళో పడింది.

"క్యా బేటీ, ఇవి యాడివి?" అన్నాడు వలీ సాబ్.

"తెనాలి నుంచి తెచ్చాను సాబ్."

"తెనాలికే తీస్కొనిపో. మీకాడ గాలి తడి. ఈడ గాల్లో తడి యాడుండాది? ఇంకోటి కొట్టినావంటే ధర్మవరంలో దిగుతాది."

షటిల్ డబ్బా మీద నంబరుంటుంది. కోస్తాలో గాలి బరువు, కాబట్టి కాస్త వేగంగా పోయే నంబరు వాడతాం. ఎత్తు మీద, ఎండిన గాలిలో, నెమ్మది నంబరు కావాలి. ఇది ఆట నేర్చుకునే పిల్లలకు మేం మొదటి వారంలో చెప్పే పాఠం. పన్నెండేళ్ళు ఆడినదాన్ని, ఆరు డబ్బాలు తప్పు నంబరు మోసుకొచ్చాను. సాబ్ ఒక షటిల్ తీసుకుని, ఈకల కొసలు గోటితో ఒకటి విడిచి ఒకటి బయటికి వంచాడు. అప్పుడది బుద్ధిగా కోర్టులో దిగింది. మిగతావాటిని ఒక డబ్బాలో తడిగుడ్డతో పెట్టాడు, ఈకలు విరక్కుండా. ఈ జిల్లాలో నీళ్ళు మొదట షటిళ్ళకు, తర్వాత మనుషులకు అన్నమాట.

వలీ సాబ్ జోడీ సుబ్బరాయుడు అని ఇంకో గార్డు. ఇద్దరూ చాలా ఏళ్ళుగా కలిసి ఆడుతున్నారు. ప్రమోషను దగ్గర ఏదో మాటా మాటా వచ్చి అప్పటినుంచీ మాట్లాడుకోరు. టీ తాగేటప్పుడు కూడా ఒకరికొకరు వీపు పెట్టుకుని కూర్చున్నారు. కోర్టులో మాత్రం ఒక్క షటిల్ మధ్యలో పడనివ్వలేదు.

"మాట్లాడుకోకుండా ఎలా సాబ్?"

"నోటితో ఏం పని బేటీ? సర్వీసు చేసేటోడు వీపెనక చెయ్యి చూపిస్తాడు. వెనకోడు చూస్తాడు. మాట్లాడితే ఆట చెడతాది."

నిజమే. ప్రతి జోడీకి వీపెనక చెయ్యి భాష ఒకటుంటుంది. మాకూ ఉంది. ఒక వేలంటే దగ్గర సర్వీసు, రెండు వేళ్ళంటే దూరం. పిడికిలి అంటే "నేను ముందుంటా, వెనక నువ్వు చూసుకో." అరచెయ్యి మొత్తం తెరిస్తే, "నేను వదిలేస్తున్నా, వచ్చేదంతా నీదే." ఈ చివరిది ఎప్పుడో, ఒకరు బాగా అలిసిపోతేనే.

గంగరత్న సంగతి అడిగితే సాబ్ టీ గ్లాసులోకి చూస్తూ, "వాళ్ళక్క ఈరమ్మ బుక్కరాయసముద్రంలో ఉండాది. ఆమెను అడుగు పో" అని, అక్కడితో ఆపేశాడు.

బుక్కరాయసముద్రం: నీళ్ళ బిందెలు

అనంతపురం దాటి కాస్త పోతే బుక్కరాయసముద్రం. అనంతపురం పెరిగి పెరిగి ఊపిరాడక ఇటువైపు ఒరిగింది. పేరులోనే సముద్రముంది. చెరువు కూడా పెద్దదే. నేను వెళ్ళినప్పుడు నీళ్ళు ఒక మూలకు జరిగి, బంధువుల ఇంట్లో మొహమాటస్థుడిలా కూర్చున్నాయి. మా ఊరి కాలవలో పశువుల్ని కడిగే నీళ్ళు చూస్తే ఇక్కడివాళ్ళు మమ్మల్ని కోర్టుకీడుస్తారు. పైన మేఘాలు లేకపోలేదు. ఎక్స్‌ప్రెస్ రైళ్ళలాగా ఆగకుండా పోతున్నాయి.

ఈరమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నేనెవరో చెప్పగానే మిషను ఆపకుండానే, "కుచ్చో, రొట్టె తిను, ఆపైన అడుగు" అంది. జొన్నరొట్టె, వంకాయ కూర, శెనక్కాయల పొడి. మా ఇళ్ళలో అతిథి వద్దంటే ఇంకో గరిటె వేస్తాం. ఇక్కడ వద్దంటే నిజంగానే ఆపేస్తారు. ఈ సంగతి తెలియక మర్యాదకు వద్దన్నాను. ఒక రొట్టె నష్టపోయాను.

"గంగరత్న భుజం ఎలా ఉందక్కా?"

"దాని భుజానికేమొచ్చింది? దినామూ రెండు బిందెల నీళ్ళు మోస్తాంది. నేను పోయినప్పుడు కండ్లారా చూసినా కదా. నిక్షేపంగా ఉండాది."

చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేశాను.

"టోర్నమెంటు కూడా ఆడతాదంట, శెనక్కాయల గోడౌన్లో" అని మిషను తొక్కుతూనే చెప్పింది. "మావైపు అంతే సుజాతా. పంట వస్తే గోడౌను నిండా మూటలు, ఆట యాడ ఆడతారు? పంట పోతే గోడౌను ఖాళీ. అప్పుడు టోర్నమెంటు. ఈ యేడు మొలక కూడా రాలేదు కాబట్టి బ్రహ్మాండంగా చేస్తాండారు."

నేను అది సరిగా వినలేదు. భుజం నిక్షేపంగా ఉండి, నీళ్ళు మోస్తూ, వేరెవరితోనో ఆడబోతూ, నా ఫోను మాత్రం ఎత్తలేదన్నమాట. రాత్రంతా ఏమేం తిట్టాలో వరస పెట్టుకున్నాను. తెనాలి తిట్లు కాస్త మెత్తన, సరిపోవనిపించింది. ఈరమ్మను అడిగితే నాలుగు గట్టివి చెప్పేదేమో గాని, చెల్లెలికోసమని తెలిస్తే బాగుండదని ఊరుకున్నాను.

మడకశిర: సెల్ టవరు నీడ

మడకశిర బస్టాండులో కాఫీ అడిగితే కన్నడంలో ఇచ్చారు. డబ్బులు తెలుగులో తీసుకున్నారు. బస్సులో నా పక్కనామె దారంతా ఫోనులో ఒక వాక్యం ఇటూ ఒక వాక్యం అటూ మాట్లాడి, ఏ భాషలోనో తెలియకుండానే ఎవరికో సంబంధం కుదిర్చేసింది. దిగేటప్పుడు నాకు పెళ్ళయిందా అని కూడా అడిగింది.

గంగరత్న వాళ్ళ ఊరు పట్నానికి దగ్గరే. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఆమె కొళాయి దగ్గర్నుంచి వస్తోంది. ఎడమ నడుం మీద నిండు బిందె. నన్ను చూసి ఆగింది. బిందె కిందికి దించలేదు.

"వచ్చినావా" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు.

నా తిట్ల వరస మొత్తం ఎటుపోయిందో తెలియదు. "ఫోనెందుకు ఎత్తలేదే?" అన్నాను.

"సిగ్నల్ ల్యా."

ఆమె ఇంటికి ఇరవై అడుగుల దూరంలో సెల్ టవరుంది. వాళ్ళ నాయన గొర్రెలు దాని నీడలో పడుకున్నాయి. గంగరత్న కూడా అటు చూసింది, నేనూ చూశాను. ఇద్దరం ఇంక ఆ విషయం ఎత్తలేదు.

వాళ్ళ నాయన గొర్రెల కాపరి. ఎండకు నల్లగా ఎండి, కట్టెలా నిటారుగా ఉంటాడు. నాకు మంచం వేసి, "కూతురు తొమ్మిదేండ్లు నీ పేరే చెప్తాండె. నువ్వింత పొట్టిగా ఉంటావని చెప్పలేదే" అన్నాడు. ఈ సీమలో మాటలకు పైపూతలుండవు.

నేను అసలు సంగతికి వచ్చాను. "సీజను నెల్లాళ్ళలో మొదలు. వస్తున్నావా లేదా? అది చెప్పు, పొద్దున్నే బస్సుకి పోదాం."

"రేపు గోడౌన్లో ఆడల్ల. ముందు అది ఆడు. అది అయినంక మాట్లాడదాం."

"నీ జోడీ ఎవరో ఉందంటగా."

గంగరత్న బిందె గడపలో పెట్టి, లోపలికి పోతూ అంది: "గోడౌను రంగప్పకు నీ పేరే ఇచ్చినా. ఎప్పుడో ఇచ్చినా."

గోడౌను: బహుమతి నాలుగు కాళ్ళది

రంగప్ప గోడౌను ఓనరు. మైకు కూడా ఆయనదే, కాబట్టి వ్యాఖ్యాత కూడా ఆయనే. "పోయిన రెండేండ్లూ పంటలు బాగా వచ్చి మనకు టోర్నమెంటే లేకపాయె. ఈ యేడు దేవుని దయ వల్ల..." అని మొదలుపెట్టి, నాలిక్కరుచుకుని, "అంటే, ఏం చేస్తాం, వాన పడలేదు" అని సర్దుకున్నాడు. వెనకనుంచి ఎవరో ముసలాయన, "నీ టోర్నమెంటు కాలిపోనీ రంగప్పా" అని అరిచాడు. అందరూ నవ్వారు. రంగప్ప కూడా నవ్వాడు. ఆయన శెనక్కాయలూ పోయాయి కదా.

నేను చాలా స్టేడియాలు చూశాను. ఇంత నిజాయితీగలది చూడలేదు. నేల మీద సున్నం గీతలు. గోడల మూలల్లో పోయిన కాలపు శెనక్కాయ పొట్టు. పరిగెత్తితే మట్టి వాసన, పచ్చి శెనగ నూనె వాసన. పైన రేకులు, రేకుల కింద ఇనుప దూలాలు, వాటి మీద పావురాలు. దూలానికి షటిల్ తగిలితే ఆ పాయింటు మళ్ళీ ఆడాలి, పావురానికి తగిలితే మాత్రం పాయింటు ఎదుటివాళ్ళకు. ఎందుకని అడిగితే, "నోరు లేని జీవం కదమ్మా" అన్నారు. ఆడామగా తేడా లేదు, జంటగా వస్తే చాలు. గాలి లేవకముందే అయిపోవాలని తెల్లారగానే మొదలుపెట్టారు.

బహుమతి ఒక పొట్టేలు. మెడలో బంతిపూల దండ వేసి కోర్టు పక్కనే కట్టేశారు. నేను గెలిచిన కప్పులన్నీ కలిపినా ఇంత బరువు తూగవు. ఇద్దరికి ఒక్క పొట్టేలేమిటి, ఎలా పంచుకుంటారని అడిగాను. పంచుకోవడం లేదట. గెలిచినవాళ్ళు ఆ మధ్యాహ్నమే దాన్ని కోసి వండి, ఓడినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి తమ చేత్తో వడ్డించాలి. ఓడినవాళ్ళు తిన్నంత తిని, ఉప్పు ఎక్కువైందని కారం తక్కువైందని వంకలు పెట్టవచ్చు. గెలిచినవాళ్ళు ఎదురు చెప్పకూడదు. ఇదే పద్ధతి దేశమంతా ఉండి ఉంటే, క్వార్టర్ ఫైనల్లో ఓడడంలో నాకున్న నైపుణ్యానికి నేను ఎన్ని ఊళ్ళ విందులు తిని ఉందునో లెక్కలేదు.

ఆట మొదలైంది. గంగరత్న సర్వీసుకు నిలబడి వీపెనక పిడికిలి చూపించింది. నేను ముందుంటా, వెనక నువ్వు చూసుకో అని. పొరపాటేమో అనుకున్నాను. తొమ్మిదేళ్ళలో వెనక ఎప్పుడూ ఆమెదే. పక్కకొచ్చి అడిగితే, "దూలాలు కిందికుండాయి. నేను పొడుగు, పైకి కొడితే తగుల్తాయి. నువ్వు పొట్టి, నీకు బాగుంటాది" అంది. సబబుగానే తోచింది.

ఆ పొద్దున మేం ఆడిన మూడు ఆటల్లోనూ పిడికిలే. వెనకంతా నేనే పరిగెత్తాను, ఎగిరాను, బాదాను. ఇంత బాగా బాదగలనని నాకే తెలియదు. రంగప్ప మైకులో, "చూడండప్పా, తెనాలి పిల్ల పిడుగు మాదిరి కొడ్తాంది" అన్నాడు. ముప్పై రెండేళ్ళదాన్ని పిల్ల అన్నందుకు ఆయన శెనక్కాయలు వచ్చే ఏడు బాగా పండాలని మనసారా కోరుకున్నాను.

ఫైనల్లో ఎదురుపడింది బస్సు కండక్టరు నాగరాజూ, వాళ్ళ బావమరిదీ. నాగరాజు టికెట్లు కొట్టినంత చురుగ్గా షటిల్ కొడతాడు. చివరి పాయింటుకు గంగరత్న సర్వీసు. ఈసారి వీపెనక చెయ్యి మొత్తం తెరిచింది. వదిలేస్తున్నా, వచ్చేదంతా నీదే. అలిసిపోయిందేమో అనుకున్నాను. సర్వీసు చేసి, నిజంగానే రాకెట్ దించి నిలబడింది. వచ్చినవన్నీ నేనే తీశాను, ముందువీ వెనకవీ. నాగరాజు బావమరిది కొట్టినది నెట్‌కు తగిలి ఆగిపోయింది. గెలిచాం. పొట్టేలు నా వైపు చూసిన చూపు బాగోలేదు.

అటక మీది తపేలా

మధ్యాహ్నానికి గంగరత్న ఇంటి ముందు రాళ్ళ పొయ్యి వెలిగింది. పొట్టేలు పని మగవాళ్ళు చూసుకున్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ గొప్పగా ఉన్నాను. భుజం బాగుంది, ఆట బాగుంది, గెలిచాం, ఇంక ఈమె రావడానికి అడ్డేముందని నా లెక్క. వాళ్ళ నాయన రాగి సంగటి గెలుకుతున్నాడు. పెద్ద కుండ, చేతిలో రోకలంత కట్టె. ఆడవాళ్ళుండగా ఆయన గెలకడమేమిటని అనుకున్నాను గాని, అడగలేదు.

గంగరత్న ఇంట్లోంచి పిలిచింది. "సుజాతా, ఆ అటక మీద పెద్ద తపేలా ఉండాది. స్టూలెక్కి దించు."

వెళ్ళి స్టూలెక్కాను. మునివేళ్ళ మీద నిలబడినా తపేలా అంచు వేళ్ళకు తగులుతోందే తప్ప పట్టు చిక్కలేదు. ఆమె నా పక్కనే నిలబడి ఉంది, నా కంటే తలా మెడా పొడుగు మనిషి. తనే స్టూలెక్కి చెయ్యి చాపితే ఇట్టే అందేది. రైళ్ళలో నా బ్యాగు, లాడ్జీల్లో పైఅరలో దుప్పట్లు, అన్నీ ఆమే దించేది. నన్నెందుకు ఎక్కమందో అప్పుడు తట్టింది. బిందె ఎడమ నడుం మీద ఎందుకుందో, పొద్దున్నంతా పిడికిలి ఎందుకో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. పొద్దున ఆమె ఒక్కసారి కూడా చెయ్యి తల పైకి ఎత్తలేదు. నేను నా పిడుగుల్ని చూసుకుని మురిసిపోతూ ఆమె వైపు చూడనేలేదు.

స్టూలు మీదే ఉండి అడిగాను. "ఎంతవరకు లేస్తుంది?"

గంగరత్న కుడిచెయ్యి ఎత్తి చూపింది. భుజం దాకా వచ్చి ఆగింది. పళ్ళు బిగబట్టి ఇంకాస్త ఎత్తబోతే, వద్దని నేనే అరిచాను.

"మీ అక్క నిక్షేపంగా ఉందంది."

"అక్కకు చెప్పలేదు. నీళ్ళు ఎడమపక్క మోస్తా కదా, దానికేం తెలుస్తాది? వలీ సాబ్‌కు ఒకాయప్పకే తెలుసు. ఆయప్పే డాక్టరుకాడికి పిల్చుకోనిపాయె. ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గుతాదంట. ఆటకు పనికొచ్చే చెయ్యి మాత్రం రాదంట."

టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్న సాబ్ గుర్తొచ్చాడు.

"మరి ఫోనెత్తి చెప్పడానికేం?"

"ఎత్తితే చెప్పల్ల. చెప్తే అయిపోతాది. చెప్పనన్ని దినాలు మనం జోడీనే కదా."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. స్టూలు మీద నిలబడి ఏడవడం అంత సుఖంగా ఉండదు గాని దిగాలని తోచలేదు. ఆమె ఏడవలేదు. ఐదు నెలల్లో ఏడవాల్సింది ఏడ్చేసినట్టుంది.

"చెయ్యి ఇట్లుంటే ఈ టోర్నమెంటు ఎందుకే?"

"ఇంకొక తూరి నీతో ఆడాలనిపించింది. ముందర నిలబడితే భుజంతో పనిల్యా." స్టూలు కదలకుండా ఎడమచేత్తో పట్టుకుని చెప్పింది. "ఇంకోటి కూడా ఉండాది. నేను లేకుంటే వెనక ఎవరు కొడ్తారని నీకు దిగులు. పొద్దున వెనకంతా ఎవరు కొట్టినారు? నువ్వే కదా. కర్నూలు పిల్ల ఒకతి ఉండాది, సన్నగా, బాగా ఆడతాది. దాన్ని జోడీ చేసుకో. మొదటి నుంచి మొదలుపెట్టు."

"సున్నా నుంచా? ఈ వయసులో?"

"ఈడ యేటేటా ఎండిన నేలలో విత్తనం యేస్తారే. ఎవురన్నా వయసు అడుగుతారా?" అని, ఇంక చాలన్నట్టు, "తపేలా దించు. ఓడిపోయినోళ్ళు వచ్చేస్తాండారు" అంది.

ఎగిరి దించాను. ఎగరడం ఆ పొద్దున బాగా అలవాటైంది.

ఓడినవాళ్ళు వేప చెట్టు నీడలో బారుగా కూర్చున్నారు. గంగరత్న ఎడమచేత్తో పళ్ళెం పట్టుకుంటే నేను సంగటి ముద్దలు పెట్టాను, పులుసు పోశాను. నాగరాజు మూడు ముద్దలు తిని, నాలుగోది అడుగుతూ, "కారం చప్పగుండాది" అన్నాడు. నా ముక్కులోంచీ కళ్ళలోంచీ ధారలు కారుతున్నాయి, చప్పగా ఉందట. ఎదురు చెప్పకూడదు కాబట్టి ఇంకో ముద్ద పెట్టాను.

బస్టాండు

మర్నాడు గంగరత్న మడకశిర దాకా వచ్చింది. వట్టి చేతులతో పంపకూడదని వాళ్ళ నాయన రెండు శేర్ల రాగులు మూట కట్టాడు. నా తప్పు నంబరు షటిళ్ళు ఆరు డబ్బాలూ ఆమెకే వదిలేశాను. వచ్చే నెల నుంచి వలీ సాబ్ దగ్గర పిల్లలకు ఆట నేర్పడానికి ఆమె గుంతకల్లు వెళుతోంది. ఈకలు వంచుకోవడం ఆమెకు వచ్చు.

బస్సు దగ్గర నిలబడి ఉన్నది నాగరాజు. నా కోసం కిటికీ పక్క సీటులో తువ్వాలు వేసి ఉంచాడు. ఓడిపోయిన మనిషి కదా, విందు బాగా పనిచేసింది.

"వచ్చే యేడు మల్లా ఇద్దరూ జోడీగా దిగుతారా అక్కా?" అని గంగరత్నను అడిగాడు. "ఈ తూరి మేం ప్రాక్టీసు చేసి వస్తాం."

గంగరత్న ఆకాశం వైపు చూసింది. "వానలు పడనీ నాగరాజూ. టోర్నమెంటే ఉండకూడదు."

తర్వాత నా వైపు తిరిగి, "పో, పో, బస్సు కదుల్తాది" అంది. కౌగిలింతలూ అవీ మాకు లేవు. తొమ్మిదేళ్ళలో గెలిచినప్పుడు రాకెట్లు తాటించుకోవడమే. ఆమె వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. నేను చూస్తానని ఆమెకు తెలుసు, సర్వీసుకు ముందు ఎప్పుడూ చూస్తాను కదా. నాలుగడుగులు వేశాక కుడిచెయ్యి నెమ్మదిగా వీపు వెనక్కి పెట్టి, అరచెయ్యి మొత్తం తెరిచింది.

నాగరాజు విజిల్ వేశాడు. పక్క సీటాయన బ్యాగు అందుకోబోతే వద్దన్నాను. చెప్పులు విడిచి సీటెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, బ్యాగు నేనే పైన పెట్టుకున్నాను.